బెంచీ మీద ఏడు నిమిషాలు: విశాఖపట్నంలో మధురవాడ వైపున్న ఒక పిల్లల ఫుట్‌బాల్ అకాడమీపై సమీక్ష

కోచింగ్ బాగుంది. ఫీజు కూడా న్యాయంగానే ఉంది. అయినా ఏడో తరగతి దాటేసరికి పిల్లలు ఒక్కొక్కరే జారిపోతున్నారు. అండర్-9 బ్యాచ్‌లో కాలు పెట్టే చోటు ఉండదు, అండర్-15 బ్యాచ్‌లో రెండు జట్లు కట్టడానికి మనుషులు చాలరు. ఎందుకిలా అవుతోందో తెలియాలంటే అడ్మిషన్ రోజు సంతకం పెట్టించుకుని చేతిలో పెట్టే ఎనిమిది పేజీల నియమాల పుస్తకం చదవాలి. చాలామంది చదవరు. మొదటి పేజీలో ఫీజు గడువు చూసి, చివరి పేజీలో సంతకం పెట్టేస్తారు. ఈ సమీక్ష ఎక్కువగా ఆ మధ్య పేజీల గురించే.

అకాడమీ పేరు రాయడం లేదు. ఎంవీపీ కాలనీలో చేర్పించినా, సీతమ్మధారలో చేర్పించినా, గాజువాకలో చేర్పించినా అడగాల్సిన ప్రశ్నలు ఇవే కాబట్టి పేరుతో పెద్దగా పనిలేదు.

ముందు ఏమిస్తున్నారో చూద్దాం. వారానికి మూడు రోజులు, రోజుకి 75 నిమిషాలు. అండర్-9, 11, 13, 15 అని నాలుగు బ్యాచులు. మూడు నెలలకి 7,500 రూపాయలు. చేరేటప్పుడు రిజిస్ట్రేషన్ 1,000, రెండు జతల కిట్‌కి 1,800. టోర్నమెంటుకి తీసుకెళ్తే మనిషికి 600 వేరే. సెలవులు పోను మూడు నెలలకి 36 క్లాసులు పడతాయి. అంటే క్లాసుకి 208 రూపాయలు. టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి మైదానం) అద్దె, ఇద్దరు కోచ్‌ల జీతం, బంతులు, కోన్లు, జట్లు గుర్తుపట్టడానికి జెర్సీ మీద వేసుకునే బిబ్‌లు లెక్కేసుకుంటే ఈ రేటుకి పేచీ పెట్టక్కర్లేదు.

నేర్పే పద్ధతి కూడా శ్రద్ధగా ఉంది. 24 మంది బ్యాచ్‌కి 20 బంతులు బయట పెడతారు, కాబట్టి లైన్‌లో నిలబడి వంతు కోసం చూసే పని తక్కువ. అండర్-9కి మూడో నంబరు బంతి, అండర్-11కి నాలుగో నంబరు, అండర్-13 రెండో ఏడాది నుంచి ఐదో నంబరు. బంతి నంబరే కదా అని తీసిపారేయకూడదు. ఐదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు తూగుతుంది, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు. నాలుగో నంబరు 350 నుంచి 390 గ్రాములే. ఎనిమిదేళ్ల పిల్లాడి ముందు పెద్ద బంతి పెడితే అది కదలాలని బొటనవేలితో పొడుస్తాడు. పాదం లోపలి వైపుతో పాస్ ఇవ్వడం అబ్బదు. తర్వాత ఆ అలవాటు మాన్పించడానికి కోచ్‌కి ఏడాది పడుతుంది. ఇంటి దగ్గర ఆడుకోవడానికి కొనేటప్పుడు కూడా బంతి మీద నంబరు చూసి కొనండి.

అండర్-11 వరకు తలతో కొట్టడం నేర్పించరు. అమెరికాలో 10 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి 2016 నుంచి హెడ్డింగ్ ఆపేశారు. 11 నుంచి 13 ఏళ్ల వాళ్లకి ప్రాక్టీసులో పరిమితి పెట్టారు. ఇక్కడా ఆ దారినే పోతున్నందుకు మెచ్చుకోవాలి.

గ్రౌండులో ఒక్కటి మాత్రం రేపటికి వాయిదా వేయకూడదు. జరిపే రకం ఇనుప గోల్‌పోస్టుల వెనక బార్ మీద బరువు లేదు. ఆట మధ్యలో పిల్లలు క్రాస్‌బార్ పట్టుకుని వేలాడతారు. ఇలాంటి పోస్టులు ముందుకి పడి పిల్లల ప్రాణాలు పోయిన ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. పైగా మనది సముద్రపు గాలి. వెనక బార్ మీద ఆ చివరొకటి, ఈ చివరొకటి నిండు ఇసుక బస్తాలు వేసి తాడుతో కట్టాలి. ప్రాక్టీసు మొదలయ్యే ముందు ఒక కోచ్ పోస్టుని చేత్తో లాగి చూడాలి. నియమాల పుస్తకంలో పిల్లల బూట్ల గురించి అర పేజీ ఉంది. పోస్టుల గురించి ఒక్క ముక్క లేదు.

ఇక అసలు విషయం. నాలుగో పేజీలో ఒకే వాక్యం: "మ్యాచ్‌లో ఎవరిని ఎంతసేపు ఆడించాలన్నది పూర్తిగా కోచ్ నిర్ణయం." అంతే. తొమ్మిదేళ్ల వాళ్లకీ అదే, పదిహేనేళ్ల వాళ్లకీ అదే.

ఈ వాక్యం మైదానంలో ఎలా పనిచేస్తుందో లెక్క కట్టి చూద్దాం. అండర్-11 అంటే ఏడుగురి ఆట. 20 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు, మొత్తం 40 నిమిషాలు. ఏడుగురికి నలభై చొప్పున 280 నిమిషాల ఆట చేతిలో ఉంది. అకాడమీ టోర్నమెంటుకి తీసుకెళ్లేది 16 మందిని. సమానంగా పంచినా తలా పదిహేడున్నర నిమిషాలే. కానీ గెలవాలన్న ఒత్తిడిలో సమానంగా పంచడం జరగదు. బాగా ఆడే ఐదుగురు మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా ఉంటారు. అక్కడే 200 నిమిషాలు అయిపోయాయి. మిగిలిన 80 నిమిషాలు 11 మంది పంచుకోవాలి. తలా ఏడు నిమిషాల చిల్లర.

ఆ ఏడు నిమిషాలు కూడా ఆట తేలిపోయాక, చివర్లో వస్తాయి. బెంచీ మీద కూర్చున్న పిల్లల్ని దగ్గర్నుంచి చూడండి. మొదటి పది నిమిషాలు నిలబడి అరుస్తారు. హాఫ్ టైం దాటాక మోకాలి కింద దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్ గార్డు విప్పి మళ్లీ కట్టుకుంటారు. వాటర్ బాటిల్ మూత తిప్పుతూ తీస్తూ ఉంటారు. కోచ్ ఇటు తిరిగిన ప్రతిసారీ నడుం నిటారుగా పెడతారు. పిలుపు రాకపోతే మళ్లీ వంగిపోతారు. ఇంకాసేపటికి పిలిస్తే అప్పటికి ఒళ్లు చల్లబడి ఉంటుంది, మొదటి బంతే కాలి కింద నుంచి పోతుంది. "చూశారా, అందుకే దించలేదు" అని పక్కన ఎవరో అంటారు. ఆ మాట పిల్లాడికి వినపడుతుంది.

అమ్మానాన్నల వైపు నుంచి చూస్తే, ఆదివారం ఐదింటికి లేచి, కూర్మన్నపాలెం నుంచో పెందుర్తి నుంచో మధురవాడ దాకా బండి మీద తీసుకొచ్చి, 600 కట్టి, ఎండలో నాలుగు గంటలు నిలబడితే కొడుకు ఆడింది ఏడు నిమిషాలు. ఇలా మూడు ఆదివారాలు గడిచాక నాలుగో ఆదివారం ట్యూషన్ ఉందని మెసేజ్ పెడతారు. అకాడమీ వాళ్లు దాన్ని చదువు ఒత్తిడి అనుకుంటారు. ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల వల్లే పిల్లలు మానేస్తున్నారన్న మాట ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది. కానీ అదే ఫౌండేషన్ క్లాసులకి వెళ్తూ కూడా రోజూ ఆడే ఐదుగురు మానలేదు.

దీనికి దారి ఉంది, కొత్తదేమీ కాదు. 1964లో మొదలైన అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ 'అందరూ ఆడతారు' అన్న నియమం మీదే నడుస్తోంది. జట్టులో పేరున్న ప్రతి పిల్లా ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం ఆట ఆడాలి. మన అకాడమీ చేయాల్సింది కూడా అంతే. ఎలా చేయాలో చెప్తాం.

40 నిమిషాలని పదేసి నిమిషాల నాలుగు ముక్కలు చేయండి. ముక్కకి ఏడు చోట్లు, మొత్తం 28. జట్టులో 14 మంది ఉంటే తలా రెండు ముక్కలు, సరిగ్గా సగం ఆట. 12 మందే ఉంటే ఎనిమిది మందికి రెండేసి, నలుగురికి మూడేసి వస్తాయి. 16 మంది అయితే లెక్క తప్పుతుంది, నలుగురికి ఒక్క ముక్కే మిగులుతుంది. కాబట్టి సగం ఆట మాట ఇవ్వాలంటే జట్టు 14 దాటకూడదు. 16 మంది వస్తామంటే ఎనిమిదేసి మందితో రెండు జట్లు కట్టి రెండు ఎంట్రీలు వేయాలి. ఎంట్రీ ఫీజు ఇంకొకటి పడుతుంది నిజమే. కానీ పదహారు మందీ కడుపునిండా ఆడతారు.

గోల్‌కీపర్ దగ్గర చాలామంది కోచ్‌లు తడబడతారు. ఒకే పిల్లాణ్ణి నాలుగు ముక్కలూ గోల్‌లో ఉంచితే బయట 24 చోట్లే మిగులుతాయి. మిగతా 13 మందికి రెండేసి చొప్పున 26 కావాలి. రెండు తక్కువ. ఇద్దరు కీపర్లు చెరో హాఫ్ నిలబడితే నాలుగు చోట్లు వాళ్లకి, 24 చోట్లు మిగతా 12 మందికి, లెక్క సరిపోతుంది. అండర్-9లో అయితే ముక్క ముక్కకీ కీపర్‌ని మార్చేయాలి. ఆ వయసులో ఎవరినీ గోల్‌కీపర్ అని ముద్ర వేయకూడదు.

ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాం. బలహీనంగా ఉన్న వాళ్లందర్నీ ఒకే ముక్కలో దించేస్తారు. ఆ పది నిమిషాల్లో మూడు గోల్స్ పడతాయి, అందరి చూపూ ఆ పిల్లల మీదే పడుతుంది. ప్రతి ముక్కలోనూ గట్టిగా ఆడే ముగ్గురు, నేర్చుకుంటున్న నలుగురు ఉండేలా ముందు రాత్రే కాగితం మీద పేర్లు రాసుకోవాలి. ఆ కాగితం ఒక పేరెంట్ చేతికిచ్చి, వాచీ చూస్తూ పిలవమనాలి. మ్యాచ్ వేడిలో కోచ్‌కి టైం గుర్తుండదు. ఆయన తప్పు కాదు, ఎవరికైనా అంతే.

క్రమశిక్షణ సంగతి కూడా దీనిలోనే కలపొచ్చు. ఆ వారం చెప్పకుండా రెండు ప్రాక్టీసులు ఎగ్గొడితే ఒక ముక్క తగ్గుతుంది, ఆట మొదలవడానికి 20 నిమిషాల ముందు రాకపోతే మొదటి ముక్క పోతుంది అని రాసి ఉంచితే ఎవరూ నొచ్చుకోరు. పుస్తకంలో లేని శిక్ష ఆదివారం ఉదయం గ్రౌండులో పుట్టుకొస్తేనే గొడవలు.

అన్ని వయసులకీ సగం ఆట ఇమ్మనడం లేదు. అండర్-9, అండర్-11లకి సగం. అండర్-13కి ప్రతి మ్యాచ్‌లో ఒక ముక్క తప్పనిసరి, టోర్నమెంటు మొత్తం మీద సగానికి దగ్గరగా. అండర్-15కి వచ్చేసరికి కోచ్ నిర్ణయం అనొచ్చు. కాకపోతే ఎందుకు ఆడించలేదో, ఏం మెరుగుపడాలో పిల్లాడితో మంగళవారం ప్రాక్టీసులోపు మాట్లాడాలి. పదిహేనేళ్ల వాడికి కారణం తెలిస్తే కష్టపడతాడు. తెలియకపోతే షూ అటక మీద పెట్టేస్తాడు.

కోచ్‌లు చెప్పే ఎదురు మాట ఒకటుంది, దానికి విలువ ఇవ్వాలి. వారాంతపు టోర్నమెంట్లు నాకౌట్ అయితే మొదటి మ్యాచ్ ఓడిన జట్టు తొమ్మిదింటికల్లా ఇంటికి పోవాలి. అందరినీ ఆడించి ఓడిపోతే అందరూ నష్టపోతారు కదా అంటారు. నిజమే. అందుకే చిన్న వయసులకి నాకౌట్ ఎంట్రీలు వేయడం మానేయాలి. ఎంట్రీ వేసే ముందు జట్టుకి కనీసం మూడు మ్యాచ్‌లు గ్యారంటీనా అని నిర్వాహకుల్ని అడగాలి. కాదంటే మన ఊళ్లోనే రెండు మూడు అకాడమీలు కలిసి ఆదివారం పూట, ఓడినా ఇంటికి పోకుండా అందరూ అందరితో ఆడే లీగ్ పద్ధతిలో పెట్టుకోవచ్చు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గోల్డెన్ బేబీ లీగ్స్ అనే చిన్నపిల్లల పోటీలు తెచ్చింది కూడా చిన్న జట్లు, చిన్న గ్రౌండు, ఎక్కువ ఆట అన్న ఆలోచనతోనే. నార్వేలో 11 ఏళ్ల లోపు పిల్లల పోటీలకి పాయింట్ల పట్టికలే వేయరు. పిల్లల క్రీడల మీద వాళ్ల నియమాలు 1987 నాటివి. అంత చిన్న దేశం ఫుట్‌బాల్‌లో వెనకబడలేదు.

ఎంపికల గురించి రెండు మాటలు. ఏడాదికి ఒకసారి ట్రయల్స్ పెట్టి 'ఏ' టీం, 'బి' టీం పేర్లు వాట్సాప్ గ్రూపులో అందరికీ కనపడేలా పెడుతున్నారు. పేరు లేని పిల్లాడి తల్లి ఆ మెసేజ్ ఆఫీసులో చూస్తుంది, పిల్లాడు మర్నాడు స్కూల్లో స్నేహితుల నోట వింటాడు. ఫలితం ఎవరిది వాళ్లకే పంపాలి. దానితో పాటు ఏం చూసి ఎంపిక చేశారో, మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీతో చెప్పాలి. ఏడాదికి ఒక్కసారి కాకుండా దసరా తర్వాత, సంక్రాంతి తర్వాత కూడా మార్పులకి అవకాశం ఉంటే 'బి' టీంలో ఉన్నవాడికి పట్టుదల నిలుస్తుంది.

వయసు లెక్క జనవరి 1 నుంచి డిసెంబరు 31. మన స్కూళ్లు తెరిచేది జూన్‌లో. దాంతో ఒకే తరగతి స్నేహితులు రెండు బ్యాచులకి విడిపోతారు. ఒకడు సాయంత్రం నాలుగున్నరకి, ఇంకొకడు ఆరింటికి. ఒకే ఆటోలో వచ్చే పిల్లలు విడిపోతే ఇద్దరూ మానేసే ప్రమాదం ఉంది. అమెరికాలో 2015లో పుట్టిన సంవత్సరం లెక్క తెచ్చి, పదేళ్లు తిరక్కుండానే ఇదే ఇబ్బంది వల్ల 2026-27 సీజన్ నుంచి ఆగస్టు 1 - జులై 31 లెక్కకి మారాలని అక్కడి పెద్ద సంస్థలు నిర్ణయించాయి. టోర్నమెంటుకి నిర్వాహకులు అడిగిన వయసు లెక్క పాటించక తప్పదు. ప్రాక్టీసు బ్యాచులకి ఆ నిర్బంధం లేదు. తరగతిని బట్టి బ్యాచ్, పుట్టినరోజుని బట్టి టీం అని విడదీస్తే సరిపోతుంది. పుట్టిన తేదీకి స్కూలు రికార్డు కాకుండా జీవీఎంసీ (విశాఖ నగర పాలక సంస్థ) ఇచ్చిన జనన ధ్రువపత్రం అడగడం మాత్రం సరైన పని. ఎదుటి జట్టులో మీసాలొచ్చిన 'అండర్-13'లని చూసి భయపడే పిల్లలున్నారు, మన వైపు నుంచి ఆ తప్పు జరగకూడదు.

అదే బ్యాచ్‌లో జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. పదేళ్ల వయసులో ఏడాదంటే ఎత్తులో, పరుగులో చాలా తేడా. ట్రయల్స్‌లో పొడుగ్గా ఉన్నవాళ్లే ఎక్కువగా ఎంపికవుతుంటే కోచ్‌లు ఒకసారి పుట్టిన నెలలు పక్కన రాసుకుని చూడాలి. సమాధానం అక్కడే కనపడుతుంది.

ఫీజు నియమాల్లో ఒకటే పెద్ద చిక్కు. "ఒకసారి చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వబడదు, సర్దుబాటు చేయబడదు." జనవరి-మార్చి త్రైమాసికం తీసుకుందాం. సంక్రాంతికి ఊరెళ్తే నాలుగు క్లాసులు పోతాయి. పదో తరగతి పిల్లలకి మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ప్రీఫైనల్స్ నుంచి లెక్కేస్తే పన్నెండు క్లాసులకి తక్కువ కాదు. 36లో 16 పోతే 3,300 రూపాయలకి పైనే గాలికి పోయినట్టు. ఆ ఇంట్లో ఎవరూ పోట్లాడరు. జనవరిలో ఫీజు కట్టరు, అంతే. పరీక్షలయ్యాక తిరిగి వద్దామంటే మళ్లీ రిజిస్ట్రేషన్ 1,000 అంటారు. అక్కడితో ఆ పిల్లాడి ఫుట్‌బాల్ ముగుస్తుంది.

అకాడమీ వాళ్ల కష్టం కూడా తెలుసు. పిల్లలొచ్చినా రాకపోయినా టర్ఫ్ స్లాటు డబ్బు కట్టాల్సిందే, కోచ్‌కి జీతం ఇవ్వాల్సిందే. అందుకని పూర్తిగా వదిలేయమనడం లేదు. ఏడాదికి ఒకసారి, వారం ముందు చెప్తే, 30 రోజుల వరకు సీటు ఆపి ఉంచి ఆ నెలకి సగం ఫీజు తీసుకోవచ్చు. నెలకి 2,500లో 1,250 చేతికొస్తుంది, పిల్లాడూ తిరిగొస్తాడు. పూర్తిగా పోతే ఏడాదికి 30,000 పోతుంది. కాలు విరిగితే, డాక్టరు చీటీ ఉంటే, మిగిలిన క్లాసులు తర్వాతి త్రైమాసికానికి జమ చేయాలి. ఇంత చిన్న విషయానికి ఎవరూ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసే దాకా రానివ్వకూడదు.

కిట్ 1,800 అన్నది ఎక్కువేమీ కాదు గానీ, ఏటా డిజైన్ మార్చి కొత్తది తప్పనిసరి చేయడం సరికాదు. పిల్లలు ఎదిగేది జూన్‌కి ఒక సైజు. పాత జెర్సీలు వెనక్కి తీసుకుని, ఉతికి, చేరిన కొత్త పిల్లలకి 200కో 300కో ఇస్తే సంతోషంగా తీసుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. అన్నదమ్ములకి పదిహేను శాతం తగ్గింపు ఉంది, బాగుంది. అక్కాచెల్లెళ్లకీ వర్తిస్తుందని స్పష్టంగా రాయాలి.

వానకి, ఎండకి నియమాలు సగం సగం. "వర్షం వస్తే క్లాసు రద్దు, బదులు క్లాసు ఉండదు" అని ఉంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే విశాఖలో ఒక వారం ప్రాక్టీసు తుడిచిపెట్టుకుపోతుంది. నెలకి రెండు దాకా పోతే సరే, మూడో క్లాసు నుంచి బదులు ఇవ్వాలి. జల్లు పడితే టర్ఫ్ మీద ఆడొచ్చు, ఉరుము వినపడితే ఆడకూడదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. చుట్టూ ఇనుప వల, ఇనుప స్తంభాలున్న టర్ఫ్‌లో పిల్లల్ని ఆ వల పక్కన నిలబెట్టకండి.

ఎండాకాలం క్యాంపు ఉదయం ఏడున్నరకి మొదలుపెడుతున్నారు. మే నెలలో మన ఉక్కపోతకి అది ఆలస్యం. చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. ప్లాస్టిక్ గడ్డి మామూలు పచ్చిక కన్నా బాగా వేడెక్కుతుంది, ఎనిమిదిన్నరకే అరికాళ్లు చురుక్కుమంటాయి. ఐదున్నరకి మొదలుపెట్టి ఏడుకి ముగించాలి. పావుగంటకోసారి నీళ్లు అని కోచ్ విజిల్ వేయాలి, దాహం వేసినవాళ్లు వెళ్లండి అంటే పిల్లలు వెళ్లరు. ఇంటి నుంచి లీటరు నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ పంపితే చాలు, రంగు డ్రింకులు అవసరం లేదు.

కుటుంబాలకి ఎక్కువ కోపం తెప్పించేది సమాచారం ఆలస్యం. ఆదివారం మ్యాచ్ సంగతి శనివారం రాత్రి పదింటికి వస్తుంది. నైట్ డ్యూటీ చేసే నాన్న, ఆదివారం షాపు తెరిచే అమ్మ అప్పుడు ఏం చేయగలరు? బుధవారం సాయంత్రానికి ఇలాంటి మెసేజ్ వస్తే చాలు:

"అందరికీ నమస్కారమండీ. ఆదివారం అండర్-11 మ్యాచ్‌లు రుషికొండ దగ్గర టర్ఫ్‌లో. పిల్లలు 6:10కి రావాలి, మొదటి మ్యాచ్ 6:30, చివరిది 9:00కి అయిపోతుంది. మొత్తం మూడు మ్యాచ్‌లు, ప్రతి ఒక్కరికీ సగం ఆట. నీలం జెర్సీ, షిన్ గార్డ్స్, లీటరు నీళ్లు. రాలేని వాళ్లు శుక్రవారం రాత్రి 8 లోపు చెప్పండి. ఎన్ఏడీ జంక్షన్ నుంచి కారులో రెండు సీట్లున్నాయి, కావాల్సిన వాళ్లు అడగండి."

ఇందులో ఏడు విషయాలున్నాయి. ఒక్కటి కూడా మళ్లీ ఫోన్ చేసి అడగక్కర్లేదు.

గట్టు మీద నిలబడి అరిచే పెద్దల గురించి పుస్తకంలో ఉన్న నియమం చాలా మంచిది. లైనుకి రెండు మీటర్ల అవతల నిలబడాలి, "కొట్టరా", "ఇవ్వరా" అని దారి చూపకూడదు, చప్పట్లు ఎంతైనా కొట్టొచ్చు. ఆట గురించి కోచ్‌తో మాట్లాడాలంటే 24 గంటలు ఆగాలి. దీన్ని అమలు చేసే మనిషి మాత్రం లేడు. కోచ్ సార్ మ్యాచ్ మధ్యలో "మీ నాన్నగారికి చెప్పమ్మా" అని పిల్లతో అనడం ఏం బాగుంటుంది? ప్రతి మ్యాచ్‌కి ఒక పేరెంట్‌కి మెడలో కార్డు వేసి ఆ పని అప్పగించాలి. నిమిషాల కాగితం పట్టుకున్న మనిషి వేరు, ఈ మనిషి వేరు. రెండూ ఒకరికే ఇస్తే రెండూ చెడతాయి.

ఆడపిల్లలు అండర్-9లో 24 మందిలో ఆరుగురున్నారు. అండర్-13లో ఒక్కరు. అకాడమీ ఆడపిల్లల్ని వద్దనలేదు, ఫీజులో తేడా లేదు. కానీ టర్ఫ్ దగ్గర ఉన్న ఒక్క టాయిలెట్‌కి లోపల గడియ లేదు, బట్టలు మార్చుకునే చోటు లేదు, షార్ట్స్ తెల్లవి. పన్నెండేళ్ల అమ్మాయి ఎందుకు మానేసిందో ఎవరితోనూ చెప్పదు. అమ్మ కూడా వాట్సాప్ గ్రూపులో రాయదు. గడియ పెట్టించడానికి 150 రూపాయలు. షార్ట్స్ నేవీ బ్లూ చేయడానికి అసలు ఖర్చే లేదు, వచ్చే ఆర్డర్‌లో రంగు మార్చి చెప్తే చాలు. వారానికి ఒక రోజైనా మహిళా కోచ్ ఉండాలి. టోర్నమెంటుకి బయట ఊరెళ్తే ఒక తల్లి తోడు ఉండాలన్నది రాతపూర్వకంగా ఉండాలి. కోచ్‌లందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించామని నోటితో చెప్తున్నారు, ఆ కాగితం ఆఫీసు గోడకి అతికిస్తే ఇంకా మంచిది. కోచ్‌లు పిల్లలకి విడిగా మెసేజ్ పెట్టకూడదు, అమ్మానాన్నలున్న గ్రూపులోనే పెట్టాలి అన్న నియమం ఉన్నందుకు ఈ అకాడమీని అభినందించాలి. ఆరో పేజీలో ఉంది, మొదటి పేజీకి తేవాల్సినది.

ఎనిమిది నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలకి ఈ చోటు చేర్పించదగ్గదే. బంతి మీద పట్టు వస్తుంది, ఒళ్లు సాగుతుంది, కోచ్‌లు కసురుకోరు. పన్నెండు దాటిన పిల్లాణ్ణి కొత్తగా చేర్చేటట్టయితే ముందు ఒక ఆదివారం వాళ్ల మ్యాచ్‌కి వెళ్లి గట్టు మీద నిలబడండి. ఆట చూడకండి, బెంచీ వైపు చూడండి. ఎంతమంది ఉన్నారు, ఎన్నో నిమిషంలో లేచారు అని ఫోన్‌లో రాసుకోండి.

ఆ తర్వాత ఆఫీసులో మూడు మాటలు అడగండి. టీంకి ఎంతమందిని తీసుకెళ్తారు, నా పిల్ల కనీసం ఎన్ని నిమిషాలు ఆడుతుంది, పరీక్షల నెలలో ఫీజు సంగతేంటి. జవాబు నోటితో సరిపెట్టుకోకుండా ఫారం వెనక పెన్నుతో రాయించుకుని, కింద కోచ్ సార్ సంతకం తీసుకున్నాకే ఫోన్‌పే చేయండి.